మునెప్ప ఇంటికి పంపిన పట్టుపురుగులు

మా చిన్నప్పుడు... అంటే మా పిల్లల చిన్నప్పుడు. మనవరాళ్లు వచ్చాక రెండింటికీ పెద్ద తేడా కనిపించదులెండి.

తొంభైల్లో పుంగనూరు దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు, ఇంట్లో పట్టుపురుగులు... రెండు చోట్లా తినేవాళ్లే తప్ప వినేవాళ్లు లేరు.

పక్కింటి మునెప్పకు అప్పుడే భార్య పోయింది. ఒక సాయంత్రం తన పాడి ఆవును తోలుకొచ్చి మా గుంజకు కట్టేశాడు. ఇంక మీరే పెట్టుకోండి, నాకెందుకన్నాడు. ఊరికే ఆవునిచ్చే మనిషా వాడు... మజ్జిగ అడిగితే నీళ్లు కలిపి ఇచ్చే రకం.

ఉన్నది ఇచ్చేసి పోయేవాడి మాటలా తోచింది, అందుకే సూటిగా అడిగేశాను.

"చచ్చిపోవాలని ఉండాదా మునెప్పా?"

ఆవు మెడ నిమిరాడు. తర్వాత అవునని తలూపాడు.

నీతులు చెప్పడం నా ఉద్యోగం... ఆ పూటకు సెలవు పెట్టాను. కూర్చోబెట్టి, చెప్పిందంతా విన్నాను. లేచేటప్పుడు మాత్రం అన్నాను, "పాలు పిండేది నాకు రాదప్పా. రెండు పూటలా నువ్వే రావాల."

మరునాడు మా ఆయన జాగా చాల్లేదని సగం పురుగుల తట్టలు వాళ్లింటికి చేర్చాడు. మందు వాసన తగిలితే పట్టుపురుగులు బతకవు గదా... ఆ సాకుతో వాళ్లింట్లోని పంటకు కొట్టే మందులన్నీ తెచ్చి మా తోటకాడి గదిలో పెట్టి బీగం వేశాడు. ఊరంతా పురుగుల కోసమే అనుకున్నారు. మునెప్పకు మాత్రం అర్థమైంది.

ఆ వారమే మా ఆయన తోడుపోయి మదనపల్లెలో డాక్టరుకు చూపించాడు. పిల్లలు మల్బరీ ఆకు మోసుకుపోయి అక్కడే ఆడుకునేవాళ్లు. రోజూ ఎవరో ఒకరం వాళ్లింట్లో ఉండేవాళ్లం... కాపలా పురుగులకనే చెప్పేవాళ్లం.

ఒక్కసారిగా బాగైపోయాడని చెప్పను. కొన్నాళ్లు నవ్వేవాడు, కొన్నాళ్లు గోడ చూస్తూ కూర్చునేవాడు. పట్టుగూళ్లు అమ్మేసి, మేం తట్టలు కడిగి ఎండబెడుతుంటే మెల్లగా అడిగాడు.

"మళ్లా పురుగుల గుడ్లు ఎప్పుడు తెచ్చేది అక్కా?"

నాకు వెంటనే ఉల్లిపాయలు తరిగే పని గుర్తొచ్చి లోపలికి పోయాను.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లో గోడ అవతల ఎవరుండేదీ కొరియరు అబ్బాయికే తెలుసు. బాగుండారా అంటాం, జవాబు రాకముందే లిఫ్టు ఎక్కేస్తాం... కాస్త ఆగి అడగండి. మనసు బాగాలేనివాళ్లు దాచుకోకండి, ఎవరో ఒకరిని పట్టుకుని చెప్పండి, డాక్టరు దగ్గరికి పొండి.

మీ కష్టంలో పిలవకుండానే వచ్చి కూర్చున్న పక్కింటివాళ్లు ఎవరు? రాయండి... ఈ ముసల్దానికి ఇప్పుడు వినే తీరిక బాగా ఉండాది.