‘అవును’ అని రాసిన కెప్టెన్

ఆవిడకు కోపం ఓ పట్టాన రాదు. వచ్చిందంటే ఓ పట్టాన పోదు.

పదిహేడేళ్లుగా విమానం నడుపుతున్న మనిషి. నలభై ఎనిమిది మంది పట్టే చిన్న విమానం అది. పెద్దవి దిగలేని పొట్టి రన్‌వేల మీద రోజుకు నాలుగుసార్లు దిగి, నాలుగుసార్లు లేచేది. తోటి పైలట్లు ఆవిడకు ‘చెక్‌లిస్ట్’ అని పేరు పెట్టారు. ఎదురుగానే అలా పిలిచేవారు, ఆవిడా పలికేది. కళ్లు మూసుకుని చేయగల పనినైనా సరే, కాగితం మీద వేలు పెట్టి, పైకి చదివి మరీ చేయడం ఆవిడ పద్ధతి. ఓసారి తలుపు దగ్గర సూచన దీపం వెలగలేదు. బల్బు పోయి ఉంటుంది, వెళ్లిపోదాం అన్నారంతా. ఆవిడ వినలేదు. ప్రయాణికులందరినీ దింపించింది. తీరా చూస్తే తలుపు గడియ సగమే పడి ఉంది.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క తమ్ముడు పోయాడు. పనికి వెళుతూ లారీ కింద పడ్డాడు. పదో రోజున ఆవిడ యూనిఫారం వేసుకుని, అద్దంలో తనను తాను చూసుకుని, మళ్లీ విప్పేసింది. “ఈ తలకాయతో నేను ఎగరకూడదు” అని కంపెనీకి ఫోన్ చేసి తానే సెలవు పెట్టుకుంది. మనసు డాక్టరు దగ్గరికి ఐదుసార్లు వెళ్లింది. నెల రోజులు మాత్రలు మింగింది. నిద్ర కుదుటపడింది, ఆకలి వేసింది, తమ్ముడి ఫొటో చూస్తే ఏడుపుతో పాటు నవ్వు కూడా రావడం మొదలైంది. ఇక మందులు అక్కర్లేదు, పనిలోకి వెళ్లవచ్చునని డాక్టరు కాగితం రాసిచ్చాడు.

తిరిగి ఎగరాలంటే భద్రతా కార్యాలయం ఇచ్చే ఆరోగ్య పత్రం కావాలి. ఏటా ఇచ్చేదే. దరఖాస్తులో ఓ ప్రశ్న ఉంటుంది: గడిచిన ఏడాదిలో మానసిక సమస్యకు వైద్యుణ్ణి సంప్రదించారా? ఆవిడ ‘అవును’ అని రాసింది. డాక్టరు ఇచ్చిన కాగితం కూడా జత చేసింది. నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు విమానం నడపడానికి అనర్హురాలు.

ఏదో పది రోజుల పని అనుకుంది. పది రోజులు కాస్తా మూడు నెలలు, ఎనిమిది నెలలు అయ్యాయి. కార్యాలయం మెట్లు ఎక్కీ దిగీ చెప్పులరిగాయి. రెండో నెల నుంచి అత్తగారు కూడా వెంట వచ్చేది. అత్తగారు విద్యుత్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. సర్కారు కాగితం సంగతి పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలుసు.

“ఫైలు ఎప్పుడు లేస్తుందని అడక్కమ్మాయ్. ఎవరి బల్ల మీద పడుకుందో అడుగు” అని కోడలికి నేర్పింది.

అడగ్గా అడగ్గా అసలు సంగతి బయటపడింది. ఆవిడ ఐదు రకాల పరీక్షల రిపోర్టులు ఇవ్వాలి. ఏ రిపోర్టుకైనా తొంభై రోజులే ప్రాణం. ఇచ్చిన ఫైలును కార్యాలయం లోపల పరిశీలించడానికి నూటపది రోజులు పడుతుంది. ఆ తర్వాతే అది కమిటీ ముందుకు వెళుతుంది. కమిటీ తెరిచి చూస్తుంది, రిపోర్టులు పాతబడ్డాయి కాబట్టి కొత్తవి తెమ్మంటుంది. అప్పటికే రెండుసార్లు అలా జరిగింది.

ఆవిడ ఈ లెక్కంతా ఓ కాగితం వెనక రాసి సెక్షన్ ఆఫీసరు ముందు పెట్టింది.

“ఈ రూలు ప్రకారం నేను ఈ జన్మలో పాసవగలనా? మీరే చెప్పండి.”

ఆయన కాగితం చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. “అది కమిటీ చూసుకుంటుందండీ” అన్నాడు.

“కమిటీ చూసేసరికి రిపోర్టులు చస్తున్నాయి కదా!”

“కొత్తవి తెచ్చుకోండి.”

విమానంలో ఓ నట్టు వదులైతే దాన్ని ఎవరు చూడాలి, ఎంతసేపట్లో బిగించాలి, ఎవరు సంతకం పెట్టాలి అని పుస్తకాలు పుస్తకాలు రాసిన ఆఫీసు ఇది. తన లెక్కలోనే ఉన్న ఇంత కన్నం దానికి కనబడలేదా? లేక కనబడీ, మనకెందుకులే అని ఊరుకున్నారా? ఆవిడ పళ్లు పటపటా కొరుక్కుంటూ మెట్లు దిగింది.

పదో నెలలో కార్యాలయం డాక్టరు దగ్గరికి మళ్లీ పిలిచారు. వయసు మళ్లిన మనిషి, మాట మెత్తన. బీపీ చూశాడు, కళ్లు చూశాడు, ఫైలు తిరగేశాడు. తలుపు వేసి ఉందో లేదో ఓసారి చూసుకుని గొంతు తగ్గించాడు.

“ఏమనుకోకండమ్మా. అసలు ‘అవును’ అని ఎందుకు రాశారు? ఎవరూ రాయరు. ‘లేదు’ అని ఓ ముక్క రాసి పడేసుంటే ఈపాటికి హాయిగా ఎగురుతుండేవారు.”

వెటకారం కాదు. జాలిపడి, సొంత కూతురికి చెప్పినట్టు చెప్పాడు. ఆవిడకు అందుకే ఒళ్లు మండిపోయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. అబద్ధం ఆడలేదని జాలిపడే మనిషిని ఏమనాలో తెలియక లేచి వచ్చేసింది.

ఆ తర్వాతి వారం ఓ మధ్యాహ్నం ఇంటికి కో-పైలట్ ఒకడు వచ్చాడు. మూడేళ్లు ఆవిడ పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా జోకులు చెప్పినవాడు. అందరూ వాణ్ణి జోకర్ అనేవారు. ఆ రోజు వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వంటింట్లో అత్తగారు కంచం పెట్టింది. రెండు ముద్దలు తిని, అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

“ఏమైందిరా?”

“మూడు నెలల్నుంచి నిద్ర లేదక్కా. వేరే ఊళ్లో, మా బావమరిది పేరు చెప్పి డాక్టరుకు చూపించుకుంటున్నా. మాత్ర వేసుకుంటే పొద్దున్నే లేవలేను. మానేస్తే కన్ను మూతపడదు.”

“మరి డ్యూటీ?”

“నిన్న వెళ్లొచ్చా. ఎల్లుండి ఉంది.”

ఆవిడ చేతిలోని గ్లాసును బల్ల మీద కొట్టింది. నీళ్లు ఒలికి వాడి ఒళ్లో పడ్డాయి. “నలభై ఎనిమిది మందిని ఎక్కించుకుని, అలా నడుపుతున్నావా? బుద్ధుందా నీకు? ఎల్లుండి నువ్వు విమానం ఎక్కావంటే నేనే ఫోన్ చేసి చెప్తా!”

“ఏమని సెలవు పెట్టమంటావ్? నిజం చెప్తే నీ పక్కన కూర్చుంటా. విమానంలో కాదు, ఇక్కడ, ఈ ఇంట్లో. నిన్ను చూశాక కూడా నిజం చెప్పడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా అక్కా?” అని వాడు బావురుమన్నాడు.

అత్తగారే వాడి ఫోన్ తీసి చేతిలో పెట్టింది. వెన్నునొప్పి, నడుం వంగడం లేదు అని వాడు కంపెనీకి చెప్పాడు. వెంటనే నెల రోజుల సెలవు దొరికింది. ఎంచక్కా, తొందరగా తగ్గాలని శుభాకాంక్షలు కూడా చెప్పారు. మర్నాడు ఆవిడే దగ్గరుండి వాణ్ణి తన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. జీవితంలో తాను ఆడనిచ్చిన మొదటి అబద్ధం అదేనని, దానివల్లే ప్రయాణికులు భద్రంగా ఉన్నారని తలుచుకున్నప్పుడల్లా మండిపడేది.

పద్నాలుగో నెలలో, రూల్స్ మార్చే ముందు పైలట్ల అభిప్రాయాలు వింటామని భద్రతా కార్యాలయం సభ పెట్టింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అరవై మంది పైలట్లు వచ్చారు. ముందు మాట్లాడినవాళ్లంతా డ్యూటీ వేళల గురించి, యూనిఫారం గురించి నీళ్లు నమిలారు. ఆవిడ వంతు వచ్చింది.

“తొంభై రోజుల రిపోర్టును నూటపది రోజులు చూసే ఆఫీసు ఇది” అని మొదలుపెట్టింది. “ఈ గదిలో ఎంతమంది ‘లేదు’ అని రాశారో నాకు తెలుసు. మీకూ తెలుసు. జబ్బు చెప్పుకున్నవాణ్ణి ఇంట్లో కూర్చోబెడుతున్నారు, దాచుకున్నవాడి చేతికి విమానం ఇస్తున్నారు. దీని పేరు భద్రతా? ‘లేదు’ అని రాసేయాల్సిందని మీ డాక్టరే నాకు సలహా ఇచ్చారు!”

హాలు గొల్లుమంది. అధ్యక్షుడి స్థానంలో ఉన్న పెద్ద అధికారి కళ్లజోడు తీశాడు. “ఆ డాక్టరు పేరు చెప్పండి. లేదంటే ఆరోపణ వెనక్కి తీసుకోండి.”

“పేరు చెప్పను. ఆయన్ని బలిపెట్టి మీరు చేతులు దులుపుకుంటారు.”

మైకు ఆగిపోయింది. వెనక వరసలోంచి అత్తగారు లేచింది. “మైకు కట్టేస్తే సరిపోతుందా నాయనా? నాకిక్కడికి బాగానే వినబడుతోంది, చెప్పమ్మాయ్!” అని అరిచింది.

అప్పుడు అధికారుల వరసలోంచి ఆ డాక్టరు లేచాడు. “ఆ మాట అన్నది నేనే. ఆవిడ ఒక్కరితోనే కాదు, పదకొండేళ్లుగా చాలామందితో అన్నాను. ‘అవును’ అని రాసినవాళ్లలో తిరిగి పనిలోకి వెళ్లినవాళ్లు నా లెక్కలో ఇద్దరే” అని చెప్పి కూర్చున్నాడు.

ఇంకెవరైనా లేస్తారేమోనని ఆవిడ హాలంతా కలియజూసింది. ఒక్కరూ లేవలేదు. జోకర్ కూడా తలదించుకుని బూట్లు చూసుకుంటున్నాడు. సభ అయ్యాక మాత్రం వరండాలో అందరూ చుట్టుముట్టారు. భలే కడిగేశావన్నారు, చేతులు పట్టుకుని ఊపారు. ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది. “లోపల మీ నోళ్లు ఏమయ్యాయి?” అంది. ఎవరి దారిన వాళ్లు జారుకున్నారు.

పది రోజుల్లో డాక్టరును ఎక్కడో పాత ఫైళ్లు దాచే ఊరికి బదిలీ చేశారు. మరో రెండు నెలలకు ఆవిడ ఆరోగ్య పత్రం వచ్చింది. రిపోర్టుల గడువు ఆరు నెలలకు పెంచారు. మిగతా రూలులో అక్షరం మారలేదు. అప్పటికే జోకర్ నెమ్మదిగా కోలుకుని పనిలో చేరాడు. రికార్డుల్లో వాడికి వచ్చింది వెన్నునొప్పే.

ఆవిడ నేలమీదే విమానం నడిపించి చూసే సిమ్యులేటర్‌లో మళ్లీ పరీక్షలు పాసై, విమానం ఎక్కింది. ఇంట్లో అందరూ సంతోషించారు. “అయిపోయిందిగా, ఇంకా ఆ చిరాకేంటి?” అన్నాడు భర్త.

“నాకైపోయింది. ఆ డాక్టరుకు అవలేదు, రేపు ‘అవును’ అని రాసేవాడికి అవలేదు” అని కసిరింది.

ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని వినతిపత్రం తయారుచేసింది. జబ్బు చెప్పుకున్న పైలట్‌కు నయమయ్యేదాకా నేలమీద పని ఇవ్వాలి. ఎన్ని రోజుల్లో తేలుస్తారో ముందే రాతపూర్వకంగా చెప్పాలి. డాక్టరును వెనక్కి పిలవాలి. కాగితం పట్టుకుని పైలట్ల విశ్రాంతి గదులన్నీ తిరిగింది. పేరు లేకుండా ఉత్త సంతకం గీకుతానన్నవాళ్లను వాయించింది. ముప్పై ఏడు మంది పూర్తి పేర్లతో పెట్టారు. జోకర్ మూడు రోజులు తప్పించుకు తిరిగి, నాలుగో రోజు పెట్టాడు.

నెల తిరక్కుండానే కార్యాలయం నుంచి జవాబొచ్చింది. వినతి నిర్ణీత నమూనాలో లేనందున స్వీకరించడం సాధ్యపడదు.

సోమవారం పొద్దున అత్తాకోడళ్లు ఆటో ఎక్కి మూడో అంతస్తులో సెక్షన్ ఆఫీసరు బల్ల ముందు దిగబడ్డారు. “ఆ నమూనా ఏదో ఇవ్వండి, నింపిస్తాం” అంది కెప్టెన్.

ఆయన సొరుగులు వెతికాడు. పక్క సీటాయన్ని అడిగాడు. ఎవరికో ఫోన్ చేశాడు. “అలాంటి నమూనా అంటూ ఏదీ లేదండీ” అన్నాడు చివరికి, ఎటో చూస్తూ.

“లేకపోతే ఇప్పుడు తయారుచెయ్యవయ్యా” అంది అత్తగారు, కుర్చీ లాక్కుంటూ. “మేమిక్కడే కూర్చుంటాం.”

కెప్టెన్ కూడా ఇంకో కుర్చీ లాగి, ముప్పై ఏడు సంతకాల కాగితాన్ని ఆయన కంప్యూటర్ కీబోర్డు మీద పెట్టింది.