పెదనాన్న సెంటు సీసా

ఈ మధ్యాహ్నం బద్వేలులో మా పెదనాన్నను సమాధి చేసి వచ్చాం.

కువైట్‌లో పనిచేసిన రోజుల్లో కొన్న సెంటును ఆయన ఇన్నేళ్లూ బీరువాలో దాచుకున్నాడు. ఆ రకం ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆదివారం చర్చికి వెళ్లేముందు మణికట్టుకు ఒక్క చుక్క రాసుకుని, నా ముక్కు దగ్గర పెట్టేవాడు. "తొందరపడొద్దప్పా. ముందు నిమ్మ వస్తాది, ఆరినాక లవంగం. గంధం రావాలంటే సాయంత్రం కావాల" అనేవాడు.

శవపేటిక మూసేముందు మావాళ్లు సెంటు చల్లుతారు. ఆయనకిష్టమని నేను ఆ సీసానే తెచ్చాను. పెద్దమ్మ నా చేతిలోంచి లాగేసుకుంది.

"బజారుది తెచ్చి కొట్టండి. ఇది గూడా మట్టిలో పోతే ఆయప్పను నేను యాడ ఎతుక్కోవాల?"

చుట్టాలు ఆమెది పిసినారితనమనుకున్నారు. ఎవరో కొట్టుకు వెళ్లి గులాబీ సెంటు తెచ్చారు. నేనే చల్లాను. ఆ ఘాటుకు కళ్లు మండాయి. అంత ఏరికోరి వాసన చూసే మనిషి, చివరికి ఎవరిదో వాసనతో వెళ్లిపోయాడు.

మీరైతే ఆ సీసా ఎవరికిచ్చేవాళ్లు?

ఇది రాస్తుంటే పెద్దమ్మ గదిలోంచి నిమ్మ వాసన వస్తోంది. గంధం వచ్చేదాకా ఆమె పడుకోదు.