విప్పని మడత

మైలవరం బస్సు కోసం నూజివీడు బస్టాండులో కూర్చున్నాను. ఒళ్లో ప్లాస్టిక్ కవరులో అమ్మ పెళ్లి పట్టుచీర ఉంది. అమ్మ పోయి నాలుగేళ్లయినా నేను దాన్ని విప్పలేదు. ఆ మడత అమ్మ చేత్తో పెట్టింది.

మామిడి తోటలో కోతకెళ్లి వస్తున్న ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. కవరు వంక కాసేపు చూసి, "మడత మార్చి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగింది.

నాలుగేళ్లని చెప్పాను. ఎందుకు విప్పలేదో కూడా చెప్పాను.

"మా పుట్టింట్లో మగ్గం ఉండేదండి. ఒకే మడతలో ఉంచితే అక్కడే జరీ విరిగి పట్టు చిరిగిపోద్ది. విప్పండి."

తన చేతులకు మామిడి సొన అంటుకుని ఉందని ఆవిడ చీరని ముట్టుకోలేదు. ఎక్కడ పట్టుకోవాలో చెబుతుంటే నేనే భయపడుతూ విప్పాను. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూసింది.

"ఈ సన్నటి గీతలన్నీ పాత మడతలండి. మీ అమ్మగారు మారుస్తూనే ఉన్నారు."

బస్సు వచ్చేలోపు నాచేత కొత్త మడత పెట్టించింది. ఇంటికెళ్లాక కవరు తీసేసి పాత నూలు పంచెలో చుట్టమంది. పేరడగడం కూడా నాకు తోచలేదు.

ఏటా మామిడి కోతలు అయిపోగానే ఆ చీర మడత మారుస్తాను. అంతకుముందు చేతులు రెండుసార్లు కడుక్కుంటాను.