ప్రభువు బల్ల కాడికి నేను తెచ్చిన కులం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంల అందరికీ వందనాలు. సాక్ష్యమంటే అందరు తాగుడు ఎట్ల బందయిందో చెప్తరు, నేను గూడ పన్నెండేండ్ల సంది గదే చెప్పుకుంట తిరిగిన, మీతోని చప్పట్లు కొట్టించుకున్న. ఇయ్యాల గది గాదు. తాగుడు బందయినంక నేను చేసిన పాపం చెప్పనీకి నిలవడ్డ. తల ఎత్తబుద్ధయితలేదు, జర ఓపికతోని వినుండ్రి.

నా పేరు సత్తయ్య. మాది సిరిసిల్ల దిక్కు. ఇక్కడ గుజరాతోళ్ళ దిక్కు లింబాయత్‌ల బట్ట నేసే సాంచలు నడుపుకుంట బతుకుతున్న, మన తెలుగు బాప్టిస్టు సంఘంల డీకన్ను. ఒకప్పుడు ఎట్లాంటోన్నంటే, సాంచ బందు వెట్టుడు ఆలస్యం, గల్లీ ఎనక చాటుంగ సారా అమ్మే కాడికి ఉరికేటోన్ని, ఎవడన్న సగం తాగి ఇడిచిపెడితే ఆ సగం గ్లాసు గూడ గుంజుకొని తాగేటోన్ని, వాడు ఎవడో, ఏం కులమో, ఎవరు అడిగిన్రు! నా పక్క సాంచ మీద పనిచేసే ఓదెలు, మా కులపోడే, నాకు సొంత తమ్మునిలెక్క, వాడు గూడ నాతోనే తాగేది. నన్ను దేవుడు అండ్లకెళ్ళి బయటికి గుంజిండు, దేవునికే మహిమ! ఓదెలు మాత్రం అండ్లనే ఉండిపోయిండు, జర దూరపు ఊరు కిమ్‌ల ఒక మిల్లుల పని దొరికితే అటు పోయిండు.

కిందటేడు మన సంఘం, పక్క గల్లీల మరాఠీ బాప్టిస్టు సంఘం, బార్డోలీల గుజరాతీ బాప్టిస్టు సంఘం, మూడు కలిసి కిమ్‌ల కార్మికుల నడుమ సేవ చేద్దామనుకున్నం. ఒక్క సంఘంతోని అయ్యే పని గాదది. బార్డోలోళ్ళు టెంపో ఇచ్చిన్రు, మనం డోలక్, పాటలు తీసుకపోయినం, మరాఠోళ్ళు రూము రూముకు తిరిగి బీమారున్నోళ్ళను చూసుకున్నరు. వాళ్ళల్ల పెద్దమనిషి విఠల్ కాకా. మోరీలు సాఫ్ చేసుడు ఆయన పని. ఓదెలు జ్వరంతోని లేవలేక పడి ఉంటే వాని వాంతులు ఎత్తిపోసింది ఎవరనుకున్నరు? తమ్ముడు తమ్ముడు అనే నేను గాదు, కాకా. గా దినం నుంచి ఓదెలు మూడు నెలలు చుక్క ముట్టలే, బాప్తిస్మం తీసుకుంట అన్నడు, నాకైతే కాళ్ళు నేల మీద ఆనలే!

అప్పుడు మూడు సంఘాలు కలిసి మన మందిరంల ప్రభువు బల్లల పాలుపొందాలని నిర్ణయమైంది. మన కాడ మొదటి సంది ద్రాక్షరసానికి ఒక్కటే స్టీలు గ్లాసు, చేతులు మారుకుంట అందరి కాడికి వస్తది. సంతోషపడాల్సిన మాటే గదా, నేను మాత్రం ఎవరెనక ఎవరు కూసుంటరని లెక్కవెట్టిన. కాకా తాగిన గ్లాసు నా కాడికి వస్తదేమోనని! పాస్టరయ్య కాడికి పోయి, అయ్యా, మంది ఎక్కువయితున్నరు, బీమారీలు అంటుకుంటయ్, చిన్న ప్లాస్టిక్ గ్లాసులు తెస్త అన్న. పాపం, ఆయన నిజమే అనుకున్నడు. చిన్న గ్లాసులల్ల తప్పు లేదు సహోదరులారా, చానా సంఘాలల్ల గదే పద్ధతి, తప్పంత నా మనసుల ఉన్నది.

ఆ ఆదివారం పొద్దుగాల గ్లాసులు సర్దుతుంటే ఓదెలు వచ్చిండు, ఇన్ని గ్లాసులేంది అన్నా అని అడిగిండు. మనోడే గదా అని నవ్వుకుంట వాని చెవుల చెప్పిన, మోరీలు తీసేటోళ్ళ ఎంగిలి మనమెట్ల తాగుతం ర అని. ఈ నోటితోనే అన్న! వాడు "సారా కాడ ఎవని ఎంగిలైనా గుంజుకొని తాగితివి గదనే, దేవుని కాడికొచ్చినంక నీకు కులం యాదికొచ్చిందా? నా వాంతులు ఎత్తిన మనిషి ఎంగిలి నీకు పనికిరాదా?" అన్నడు, చెప్పులేసుకొని ఎల్లిపోయిండు. నేను ఎనక పోలే. అట్లనే నిలవడి ద్రాక్షరసం పోసిన, పాట గూడ పాడిన, చూడుండ్రి నా సిగ్గులేనితనం!

ఓదెలు మళ్ళ తాగుడు మొదలుపెట్టిండు. వాన్ని చూసి ఇంకో నలుగురు కూటానికి రావుడు బందయింది. కిమ్ సేవ ఎందుకు కుంటువడ్డదని మూడు సంఘాల పెద్దలు కూసున్నరు. మనోళ్ళల్లనే ఒకరు, కాకా హిందీ మొరటుగ ఉంటది, గందుకే మన తెలుగోళ్ళకు మనసున పడతలేదన్నరు. అక్కడ అసలు సంగతి తెలిసినోన్ని నేనొక్కన్నే, నోరు మూసుకొని తలకాయ ఊపిన. కాకా మోకాళ్ళ మీద కూసొని ప్రార్థన చేసిండు, "ప్రభువా, నా మాట వల్ల ఎవరన్న నీకు దూరమైతే నన్ను పక్కకు జరుపు, నేను రాను, కానీ కిమ్‌ల నీ పని ఆపకు, ఓదెలును ఇడువకు" అని. ఓదెలు పేరు వినంగనే ఓర్చుకోలేకపోయిన, బోర్లపడి ఏడ్చిన, గ్లాసుల సంగతి, చెవుల చెప్పిన మాట, ఒక్కటి దాచకుంట అందరి ముంగట ఒప్పుకున్న.

మా పాస్టరయ్య మొఖం తెల్లగయింది. కాకా ఏం ఫరక్ లేదని అంటడేమో అనుకున్న, అనలే. "బాధైతే అయింది భాయ్" అన్నడు. కొద్దిసేపటికి కండ్లు తుడుచుకొని, "ఆదివారం ఇద్దరం పోదాం, ఓదెలు రూము నీకు ఎరుకేనా?" అన్నడు. ఆ మాటతోని దేవుడు నా మెడల నుంచి కులమనే తాడును తెంపిండని నమ్ముతున్న, ఇంకా ఏమన్న మిగిలి ఉంటే అది గూడ తియ్యమని రోజు మొర పెడుతున్న.

నాలుగు ఆదివారాలు పోయినం, తలుపు తియ్యలే. మొన్న ఆదివారం తీసిండు. నన్ను చూసి మొఖం తిప్పుకున్నడు, "కాకా, నువ్వు లోపటికి రా" అన్నడు. నేను బయట మెట్ల మీద కూసున్న. జరసేపటికి లోపటికెళ్ళి కాకా ప్రార్థన వినవడ్డది, ఆ ఎనకనే ఓదెలు ఏడుపు వినవడ్డది, నేను ఆ మెట్ల మీదనే మోకరించి స్తోత్రం స్తోత్రం అనుకుంట ఉండిపోయిన.

నన్ను మాఫ్ చేసిన మూడు సంఘాల పెద్దలకు నా వందనాలు. మీలో ఎవరన్న నాలెక్క లోపట ఒకటి, బయట ఒకటి పెట్టుకొని బల్ల కాడికి వస్తుంటే, ఇయ్యాలే ప్రభువు కాడ ఒప్పుకోండ్రి, నా అసొంటోన్ని గూడ ఆయన తోసెయ్యలే, మిమ్ములనూ తోసెయ్యడు. ఓదెలు పేరు పెట్టి ప్రార్థన చేయుండ్రి. వాడు నన్ను ఎన్నటికీ లోపటికి పిలువకున్నా సరే, ప్రభువును మాత్రం బయటికి పంపకుంటే చాలు. ఆమెన్.