పెదనాన్న రక్తం కోసం

అత్త తొడలో గడ్డ తీసేశాక అది సార్కోమా అని చెప్పారు. కండలోనో కొవ్వులోనో ఎముకలోనో పుట్టే అరుదైన క్యాన్సర్. ఆమె రక్తాన్ని జన్యు పరీక్షకు కూడా పంపారు. ఆమె నాకు అత్తగారే కాదు, నాన్నకు సొంత చెల్లెలు. మాది మేనరికం. ఆమె రక్తంలో ఉన్నది నా కూతురికి రెండు వైపుల నుంచీ రావచ్చు. పాపకు స్నానం చేయించేటప్పుడల్లా నా వేళ్లు దాని పిక్కల మీద, తొడల మీద గడ్డల కోసం తడుముతూనే ఉండేవి.

రిపోర్టు వచ్చాక డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టారు.

"ఒక జన్యువులో మార్పు కనిపించిందండి. అది జబ్బు తెచ్చేదో, మీ ప్రాంతం వాళ్లలో మామూలుగా ఉండేదో చెప్పలేం. పోల్చి చూడటానికి ఉన్న నమూనాలు ఎక్కువగా విదేశాల వాళ్లవి. మనవాళ్లవి తక్కువ."

నేను బీఎస్సీ చదివాను. అయినా ఆ క్షణంలో ఒక్క ప్రశ్నా తోచలేదు. అత్తే అడిగింది.

"మావాళ్లని తీసుకొస్తే చెప్తారా అండి?"

"క్యాన్సర్ రాని పెద్దవాళ్లలో కూడా అదే మార్పు ఉంటే కొంత ధైర్యంగా చెప్పొచ్చండి."

కుట్లు మానగానే అత్త చేతికర్ర పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, తెనాలిలో ఆటో ఎక్కింది. భట్టిప్రోలులో మా పెదనాన్న, అంటే ఆమె పెద్దన్నయ్య ఉంటాడు. ఎనభై దాటాడు.

విషయం వినగానే ఆయన ముఖం ముడుచుకున్నాడు. "మనవరాలికి సంబంధాలు చూస్తన్నాం. మన రక్తంలో లోపం ఉందని ఊళ్లో తెలిస్తే ఏంటి గతి?"

"ఉందో లేదో తెలీకే కదా అన్నయ్యా నీ దగ్గరకొచ్చింది. ఈ వయసులో కూడా పచ్చిమిరపకాయ కొరుక్కుంటా చద్దన్నం తింటన్నావు. నీలాంటోడి ఒంట్లో కూడా ఆ మార్పుంటే, దానివల్ల హాని లేదనుకోవచ్చంట."

"అంటే నా ముసలితనం పనికొస్తదా?"

లోపలి నుంచి పెద్దమ్మ అందుకుంది. "వెళ్లండి. ఒక్కసారన్నా దేనికోదానికి పనికొచ్చారని చెప్పుకుంటాను."

అత్త నవ్వలేదు. బాపట్లలో ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతుతో, "నీ మనవరాలికి కూడా కావాల్సిన సంగతే అన్నయ్యా ఇది. దాచిపెడితే లేకుండా పోద్దా?" అంది. పెదనాన్న లేచి ఆసుపత్రికి రావడానికి చొక్కా వేసుకున్నాడు.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. పెదనాన్నలోనూ అదే మార్పు ఉంది. ఇది మంచి సూచనే కానీ ఒక్కరితో తేలదని, ఇంకా మనుషులు కావాలని డాక్టరు గారన్నారు.

"రేపు ఇంకెవరింట్లోనన్నా ఇదే కనపడితే, మా అన్నయ్య సంగతి వాళ్లకి ఉపయోగపడుద్దా అండి?"

"తప్పకుండా అండి. పేరు లేకుండా నమోదు చేస్తాం."

అత్త తృప్తిగా తలాడించింది. తన కాలు ఇంకా నొప్పిగా ఉంది. జబ్బు తిరిగి రాదని ఆమెకెవరూ మాటివ్వలేదు. అయినా ఎన్నడూ చూడని ఇంకో ఇంటి గురించి అడుగుతోంది. నేను మాత్రం ఇన్నాళ్లూ నా ఇంటి గడప దాటి ఆలోచించలేదు. నా రక్తం ఇమ్మని అడుగుతారేమోనని ఆసుపత్రిలో ఆమె వెనకే నిలబడుతూ వచ్చాను.

బయటికి రాగానే అత్త ఫోన్ నా చేతిలో పెట్టింది. "రేపల్లెలో మీ నాన్నకి కలపవే. చిన్నన్నయ్య సూదంటే పారిపోతాడు, ముందే పట్టుకోవాలి."

"కలుపుతాను అత్తా. ముందు లోపలికి వెళ్లి నాది ఇచ్చి వస్తాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. నా భుజాన నిద్రపోతున్న పాపను తన భుజానికి మార్చుకుని, చేతికర్ర గోడకు ఆనించి బెంచీ మీద కూర్చుంది.