ఇసుకలో బాపుకు కన్నంటిన పూట

తడిసిన బొగ్గుకు ఒక వాసన ఉంటుంది, తుప్పుపట్టిన ఇనుముకూ వాన పడ్డ మట్టికీ నడుమన ఎక్కడో ఉండే వాసన. మేముంటున్న జర్మనీ ఊళ్లో బొగ్గుబావులు ఎప్పుడో మూతపడ్డాయి. వాటిలో ఒకదాన్ని పార్కుగా మార్చారు. మొన్న ఒక శుక్రవారం మా పాప నివి వెళ్లే శిశుబడికి సెలవైతే, నేనూ ఆఫీసుకు సెలవు పెట్టి, ఈమధ్యే మూడో ఏట పడ్డ దాన్ని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లాను. వచ్చినవాళ్లు చూడటానికని ఒక ఇనుప తొట్టిలో నిజం బొగ్గే పోసి ఉంచారు. రాత్రి వానకు అది తడిసి నిగనిగలాడుతోంది. నివి దానికేసి చూడనైనా చూడలేదు, దారి పక్కన గులకరాళ్లు ఏరి జేబులో వేసుకునే పనిలో పడింది. నేను మాత్రం ఆ తొట్టి దగ్గరే కాసేపు నిలబడిపోయాను.

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఇచ్చిన మా క్వార్టరు ముందు అమ్మ పొద్దున్నే బొగ్గుల పొయ్యి రాజేసి, పొగంతా పోయి కణికలు ఎర్రబడేదాకా వాకిట్లోనే ఉంచి, అప్పుడు లోపలికి తెచ్చేది. బతుకమ్మ పండుగకు ఆ పొయ్యి మీదే నువ్వులు వేయించి బెల్లంతో దంచిన ముద్దలకు కూడా ఆ వాసన కొంచెం అంటుకునేది. ఎండాకాలం తీగ మీద ఆరేసిన తెల్లబట్టలను దులిపితే నల్లటి నలుసులు రాలేవి, మధ్యాహ్నం నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లు పెడితే గూట్లో గిన్నెలు గలగలమనేవి, ఆ రెండూ మాకు ఎండా వానా వంటివే. బాపుది భూమిలోపలి పని. ఆయనకు రాత్రి షిఫ్టు వచ్చిన వారం ఇంటి తీరు మారిపోయేది: కిటికీకి దుప్పటి కట్టేవాళ్లం, అమ్మ గేటు దాకా వెళ్లి కూరగాయల బండివాణ్ణి అరవొద్దని చెప్పి వచ్చేది, మేం చింతగింజలు ఆడుకుంటుంటే చప్పుడు కాకుండా కింద గొంగడి మడిచి వేసేది. ఆ రోజుల్లో బాపు అంటే నాకు ఎక్కువగా గోడవైపు తిరిగి పడుకున్న ఒక వీపు.

నాకు నాలుగో అయిదో ఏళ్లున్నప్పుడు నస్పూర్‌లో మా చిన్నమ్మకు కాన్పయింది. దవాఖానకు అన్నం తీసుకెళ్లాలి, అక్కడికి చిన్నపిల్లల్ని రానివ్వరు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన బాపుకు నన్ను అప్పగించి అమ్మ బస్సెక్కింది. బాపు స్నానం చేశాడు. ఎంత రుద్దినా ఆయన కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలే ఉండేది. అన్నం తిని మంచం వైపు ఒకసారి చూసి, ఏమనుకున్నాడో, నన్ను దగ్గరికి పిలిచాడు.

“గోదారికి పోదామా బిడ్డా?”

షేర్ ఆటోలో ఆయన ఒళ్లో కూర్చుని వెళ్లాను. బ్రిడ్జి కింద నది సన్నగా ఒక పక్కకు ఒదిగి పారుతుంటే, మిగిలిందంతా ఇసుక. ఆ ఇసుకలో పుచ్చతీగలు, వాటి మధ్య కావలికి వేసిన ఒక పందిరి. దారిలో బండివాడు కాగితంలో కట్టిచ్చిన మిరపకాయ బజ్జీల్లోంచి మిరపకాయలు ఆయన తిని, పైపిండి నాకు పెట్టాడు. తరువాత మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడి చెలిమె తీశాడు. అడుగున తడి, తడిలోంచి మెల్లగా ఊరుతున్న నీళ్లు. నాకది ఇంద్రజాలం. ఇంకొకటి నన్నే తోడమని, తను పందిరి నీడలో తువ్వాల పరుచుకుని ఒరిగాడు.

నా చెలిమెలో నీళ్లు పడలేదు. నీళ్లు ఎక్కువున్న చోటికి పోయి తోడుదామనుకున్నట్టున్నాను, నది వైపు నడిచాను. మోకాళ్ల దాకా చల్లగా తగలడం, కాళ్ల కింద ఇసుక జారిపోవడం గుర్తున్నాయి. అంతలో వెనకనుంచి ఎవరో నన్ను జబ్బ పట్టి పైకి లేపారు. ఆమె ఖాజాబీ, ఆ పుచ్చతోట ఆమెదే. నన్ను చంకన వేసుకుని పందిరి దాకా వచ్చి, కాలితో బాపును తట్టింది.

“భాయ్, లే. నీ బచ్చీ గోదాట్లకు దిగింది.”

బాపు లేచి నా తడిసిన గౌను చూశాడు. నన్ను కొట్టలేదు. నన్ను తీసుకుని గుండెకు అదుముకున్నాడు. ఖాజాబీ ఒక పుచ్చకాయ కోసి ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చింది. నేను తిన్నాను. బాపు ముక్క చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం అమ్మ గడప దాటగానే, ఆమె అడగకముందే, ఆయనే చెప్పాడు. అమ్మ నా గౌను ఉతికి ఆరేసి వచ్చాక, “రాత్రంత బాయిల ఉండొచ్చిన మనిషికి పిల్లనిచ్చి పోయిన. నాది తెలివి,” అంది. ఆ తరువాత రాత్రి షిఫ్టు వారాల్లో నన్ను బాపు దగ్గర వదిలి ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. దాని గురించి ఇంట్లో మళ్లీ మాట రాలేదు.

నివి పుట్టాక ఊరికి వెళ్లినప్పుడు నేనే బాపును ఆ పూట సంగతి అడిగాను.

“పండుకుందామని పండుకోలె బిడ్డా. ఇంట్ల ఉంటె నిద్రవోత అనే బయటికి తీస్కపోయిన. నువ్వు ఇసుక తోడుతున్న చప్పుడు వింటనే ఉన్న. అది ఎప్పుడు ఆగిందో నాకు ఎరుకలేదు.”

మేమున్న క్వార్టర్ల వరుస ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు అక్కడిదాకా వచ్చింది. ఖాజాబీ తోట ఉన్న చోట, నది దిగువన కట్టిన బ్యారేజీ నీళ్లు నిలిచాయి, పుచ్చకాయలు ఎక్కడినుంచో లారీల్లో దిగుతున్నాయి. పగటిపూట చప్పుడు చేయొద్దని పిల్లలకు చెప్పే ఇళ్లు కూడా తగ్గిపోయాయట.

తిరుగు ట్రామ్‌లో నివి బండిలోనే నిద్రపోయింది. ముందు రాత్రి దానికి జ్వరం వచ్చిందేమోనని నాకు సరిగా నిద్ర లేదు. ట్రామ్‌లో వెచ్చగా ఉంది, కిటికీలోంచి ఎండ పడుతోంది, నా రెప్పలు వాలుతున్నాయి. లేచి, అన్ని సీట్లు ఖాళీగా ఉన్నా, మా స్టాపు వచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.