మీనింగుల వరుస

మొన్న సాయంత్రం నా మనుమరాలు వరండాలో చాప మీద బోర్లా పడుకొని, కాళ్లు గాలిలో ఊపుకుంటూ, ఇంగ్లీషు మాటలు గట్టిగా చదువుతోంది. కింగ్, రింగ్, సింగ్, వింగ్. నేను పక్కనే కూర్చొని చింతపండులోంచి గింజలు తీస్తున్నాను. తీసిన గింజలనూ పారేయను, వాటికీ నా దగ్గర ఒక డబ్బా ఉంది. మా కోడలు దాన్ని చూసి నవ్వుకుంటుంది, నవ్వుకోనీ. ఆ పిల్ల ఒక్కో మాట చదివి ఊపిరి తీసుకునే సందులో నా నోరు దానంతట అదే కదిలింది. రాజు, ఉంగరం, పాడుట, రెక్క. పిల్ల కాళ్లు ఊపడం ఆపి తలెత్తి చూసింది.

"నాయినమ్మా, నీకు ఇంగ్లీష్ వస్తదా?"

"ఇంగ్లీష్ రాదు. దాని అర్థాలొస్తయి," అన్నాను.

"గట్లెట్లొస్తది?" అని నవ్వింది. వింగ్ అంటే ఏందే అని అడిగితే, ఏమో అంది. టీచరు మీనింగ్ అడగదట, ఒకే తీరుగా వినబడే మాటలు రాస్తే చాలట, వాటిని రైమింగ్ వర్డ్స్ అంటారట. అర్థం తెలియకుండా చదివితే అది చదువెట్లవుతుందని నేను గదిమేసరికి వంటింట్లోంచి కోడలు గొంతు వచ్చింది. "అత్తమ్మా, జర దాన్ని చదువుకోనియ్యి. గా మీనింగులు ఎగ్జామ్ల రావు." నేను మళ్లీ గింజల మీద పడ్డాను. పరీక్షలో మీనింగులు వస్తాయో రావో మా ఇంట్లో నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. ఆ మీనింగుల దగ్గరే ఒక మనిషి బతుకు ఆగిపోయింది. ఆమె మా అక్క.

మాది లక్సెట్టిపేట దగ్గర పల్లె. ఊరి చివర మిషన్ వాళ్ల బడి ఉండేది, ఒకటే గది, పెంకుల కప్పు, వాన పడితే గది నడుమ ఒక గిన్నె పెట్టేవాళ్లు. చదువు చెప్పేది ఒక టీచరమ్మ. తెల్ల నూలు చీర, చేతులకు గాజులుండవు, కొంగుకు ఎప్పుడూ సుద్దపొడి. పుస్తకం ఆమె దగ్గర ఒక్కటే ఉండేది, దాన్ని పిల్లల చేతికి ఇచ్చేది కాదు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. చర్చిలో పాట ఒక పక్కవాళ్లు ఎత్తుకుంటే రెండో పక్కవాళ్లు అందుకుంటారు కదా, అట్లా పిల్లలను రెండు వరుసలు చేసింది. నాలుక బాగా తిరిగే పెద్దపిల్లలది మాటల వరుస, మాలాంటి చిన్నవాళ్లది మీనింగుల వరుస. వాళ్లు మూన్ అంటే మేము చందమామ అనాలి. వాళ్లు స్పూన్ అంటే మేము చెంచా. నూన్ అంటే పగటి పన్నెండు. ఒకరి వరుసలో మాట ఇంకొకరు ఎత్తితే టీచరమ్మ స్కేలు బల్ల మీద పడేది. "నీ వంతు నువ్వే చెప్పాలె, పక్కోళ్లది మింగొద్దు," అనేది. వరుసలు పక్కపక్కనే నిలబడేవి. మాటల వరుసలో అక్క, ఆమెకు ఎడమ పక్కన మీనింగుల వరుసలో నేను.

నాకు ఆ వయసులోనే ఒక సంగతి కొరుకుడు పడేది కాదు. చందమామకు, చెంచాకు ఏం చుట్టరికం? రాజుకు, రెక్కకు ఎక్కడి పొత్తు? అక్క వరుసలో మాటలన్నీ ఒక తల్లి పిల్లల్లాగా కలిసిమెలిసి దూకుతూ వచ్చేవి. మా వరుసకు వచ్చేసరికి ఎవరికి వారే, సంతలో ఒకరినొకరు ఎరగని మనుషుల్లాగా ఉండేవి. పాటంతా వాళ్ల వరుసకు, పనంతా మా వరుసకు. ఇది పక్షపాతమని నేను టీచరమ్మతో అన్నాను కూడా. ఆమె నవ్వి, "అర్థం చెప్పేటోళ్లు లేకుంటే పాట గాలికి పోతది బిడ్డా," అంది. ఆ మాటతో నేను ఉబ్బిపోయి కొన్నాళ్లపాటు అక్కను లెక్కచేయలేదు.

బడి విడిచాక ఇంట్లో బీడీలు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండ. తంబాకు వాసన అన్నంలోకి కూడా వచ్చేది. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. అవ్వ ఒక మూలన, మేమిద్దరం గడప దగ్గర వెలుతురుకు. అక్క ఆకు చుడుతూ లైట్ అనేది, నేను దారం బిగిస్తూ వెలుతురు అనేదాన్ని. నైట్, రాత్రి. ఫైట్, కొట్లాట. చేతులూ నోళ్లూ ఒకే తాళం మీద నడిచేవి. అవ్వ వింటూ, "ఏం మంత్రాలే ఇవి, బీడీలకు దయ్యం పట్టేటట్టుంది," అనేది. బాపు ఏమీ అనేవాడు కాదు, మాటలు నడుస్తుంటే కట్టలు తొందరగా అవుతున్నాయని ఆయన చూసి పెట్టుకున్నాడు. వంగిపోయిన మేకును సుత్తెతో సాపు చేసి దాచే మనిషి ఆయన. తాడు ముక్క, గోనె పీలిక, దేన్నీ పోనిచ్చేవాడు కాదు. నా చేతికి ఆ పొదుపు ఆయన నుంచే వచ్చిందని నేను చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను.

కరీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో సీట్లు ఉన్నాయని, అక్కడ చదివితే టీచరు ట్రైనింగు దాకా పోవచ్చని టీచరమ్మ ఒకనాడు మా ఇంటికి వచ్చి చెప్పింది. చిన్న పరీక్ష ఉంటుంది, నోటితో అడుగుతారు, ఇద్దరినీ తీసుకురమ్మంది. అక్క ఆ రోజు నుంచి మనిషి మారిపోయింది. అవ్వ పాత తెల్లచీర కొంగు భుజం మీద వేసుకొని కోళ్లకు పాఠం చెప్పేది. గాజులు తీసేసి టీచరమ్మలాగా నడిచి చూపించేది. "మనిద్దరం ఒక్క మంచం మీదనే పండుకుందమే, హాస్టల్ల," అనేది నాతో. ఆ సీటు వస్తే బీడీల చాట దిగుతుంది, రాకపోతే వచ్చే ఎండాకాలంలో పెళ్లి. సంబంధం అప్పటికే వచ్చి ఉంది. ఈ రెండింటి నడుమ మా అక్క నిలబడి ఉందని అందరికీ తెలుసు.

పరీక్ష రోజు పొద్దున నేను తలకు నూనె రాసుకొని, జడ వేసుకొని, ఉన్నవాటిలో మంచి లంగా కట్టుకొని వస్తే బాపు నా ముఖం చూడకుండానే అన్నాడు. "నువ్వెటు? ఇద్దరు పోతే చాట ముంగట ఎవలు కూసుంటరు? ఒక్కతి చాలు." అక్క అప్పటికే బస్సు దగ్గర నిలబడి ఉంది. నేను గడప మీద కూర్చొని చాట ఒళ్లోకి లాక్కున్నాను. ఆ రోజు మాటలు లేకుండా చుట్టిన బీడీలు వదులుగా వచ్చాయని అవ్వ విప్పించి మళ్లీ చేయించింది.

పొద్దుగూకినాక వాళ్లు వచ్చారు. అక్క నేరుగా లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. బాపు కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు, నవ్వు ఆపుకోలేక. పరీక్ష పెట్టే కళ్లద్దాల అమ్మ కింగ్ లాగా వినబడే మాటలు చెప్పమందట. అక్క టకటకా చెప్పేసిందట. ఆ అమ్మ సంబరపడి, సరే, కింగ్ అంటే ఏందని అడిగిందట. అక్క చెప్పకుండా ఎడమవైపు చూసిందట. మళ్లీ అడిగితే మళ్లీ చూసిందట. మూడోసారి అడిగితే, "గది మా చెల్లె చెప్తది," అందట. అక్కడున్నవాళ్లంతా ఘొల్లుమన్నారట. "కిటికీల నుంచి విన్న నేను. తలకాయ కొట్టేసినట్టయింది," అన్నాడు బాపు. అంటూనే ఇంకోసారి నవ్వాడు.

ఆ ఎండాకాలమే అక్కను కాగజ్‌నగర్ ఇచ్చారు. మాట మాత్రం ఆమెకన్నా ముందే అత్తగారింటికి చేరింది. కూరలో ఉప్పు వేసినవా అని అత్త అడిగితే, ఆడబిడ్డ అందుకునేది, "గది వాళ్ల చెల్లె చెప్తది." ఎవరి పెళ్లికి పోయినా బాపు ఆ కథ ఎత్తుకునేవాడు, ఎత్తుకున్నప్పుడల్లా దాన్ని కొంచెం పెంచేవాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అందరితో కలిసి నవ్వేది. నాకు ఒళ్లు మండేది. అంత తెలివిగల మనిషి రోజూ నా నోట విన్న ముక్కను ఎట్లా చెప్పలేకపోయిందని లోపల లోపల ఆమె మీదే కోపం ఉండేది. నా పక్కన నిలబడి ఆమె చెవులు ఎటు పోయాయని అనుకునేదాన్ని. అడగలేదు. అడిగితే ఆమె నొచ్చుకుంటుందని ఊరుకున్నాను.

బాపు పోయాడు, అవ్వ పోయింది, అద్దాల అమ్మ ఎక్కడుందో తెలియదు. నిరుటి వానాకాలం అక్కకు బాగాలేదంటే కాగజ్‌నగర్ పోయాను. మంచంలో సన్నగా, దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టు ఉంది, మతి మాత్రం నిలకడగా ఉంది. గంజి తాగిస్తుంటే అక్క కొడుకు వచ్చి, మందు వేసుకున్నావా అని తల్లిని అడిగి, జవాబు రాకముందే తనే అన్నాడు, "గది మా చిన్నమ్మ చెప్తది." మూడో తరం నోట్లోకి కూడా పోయిందా మాట. అతడు బయటికి పోయాక నేను గిన్నె కింద పెట్టి అడిగేశాను.

"అక్కా, నిజంగ నీకు కింగ్ అంటే తెల్వకుండెనా?"

ఆమె తల నా వైపు తిప్పింది. "తెల్వకపోవుడేంది? నీ పక్కనే గద నిలబడేది రోజూ."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వొస్తున్నవనుకున్న," అంది. "చెల్లె రాంది నేను బస్సెక్కనన్న. టీచరమ్మతోని ఎనుక బస్సుకు వస్తదే అన్నడు బాపు. గందుకని ఎక్కిన." గంజి తడి పెదాల మీద అట్లాగే ఉంది, తుడవబోతే నా చెయ్యి పక్కకు తీసింది. "నీ వంతుది గూడ నేనే చెప్తే, ఇగ నిన్నెవలు తీసుకుంటరే? ఇద్దరికి సీటు రావాలె గద."

బాపు చెప్పిన కథలో ఎనుక బస్సు లేదు. ఎన్ని పెళ్లిళ్లలో చెప్పాడు, ఎంత పెంచి చెప్పాడు, ఆ ఒక్క ముక్క మాత్రం ఎప్పుడూ పొదుపు చేశాడు. "నువ్వెందుకు ఎన్నడు చెప్పలే?" అంటే అక్క గోడవైపు తిరిగి, "బాపును అబద్ధాలోడు అంటరని," అంది. తండ్రికి ఆ పేరు రాకూడదని జీవితమంతా తెలివితక్కువదనిపించుకుంది. నేను ఇంటికి వచ్చి, ఆయన సాపు చేసి దాచిన మేకుల డబ్బా నా దగ్గర ఉంటే, తీసి పాత సామానువాడికి ఊరికే ఇచ్చేశాను. జీవితంలో నేను ఊరికే ఇచ్చిన వస్తువు అదొక్కటే. చలికాలం రాకముందే అక్క పోయింది.

మొన్న కోడలు మళ్లీ పిలిచేదాకా పిల్లను వదల్లేదు. మాట నువ్వే చెప్పాలె, మీనింగూ నువ్వే చెప్పాలె అన్నాను. "నువ్వు చెప్పరాదు నాయినమ్మా, నేను ఇంగ్లీష్ చెప్త, నువ్వు తెలుగు చెప్పు, మంచిగుంటది," అని బతిమాలింది. నేను చింతపండు పళ్లెం తీసుకొని దూరంగా, దాని చూపుకు అందని మూలకు పోయి కూర్చున్నాను. పిల్ల ఏడుపు ముఖంతోనే కింగ్ అంటే రాజు అంది, వింగ్ అంటే రెక్క అంది. ఏళ్లు గడిచిపోయాయని అందరూ అంటారు. నాకు మాత్రం అవి ఎటూ పోలేదు, కరీంనగర్‌లో నేను చూడని ఆ గదిలో, మా అక్క ఎడమ పక్కన ఖాళీగా ఉన్న కొంచెం జాగాలోనే అన్నీ వచ్చి నిలబడ్డాయి.